కుడివైపు పై మైకు

డ్రమ్స్ కింద పరిచే తివాచీని ప్రతి రికార్డింగుకూ ముందు డాబా మీదికి మోసుకెళ్ళి దులపడం నా పని. దులపకపోతే ఏమవుతుందని మావారు అడుగుతుంటారు. అడుగున మట్టి చేరితే తివాచీ నేలను పట్టుకోదు. కాలితో వాయించే పెద్ద డ్రమ్ము, దాన్నే కిక్ అంటారు, దెబ్బదెబ్బకూ వెంట్రుకవాసి ముందుకు జరుగుతూ పాట పూర్తయ్యేసరికి బెత్తెడు దూరం పోతుంది. దాని ముందు పెట్టిన మైకు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాంతో పాట మొదట్లో ఒక మోత, చివర్లో ఇంకో మోత. ఈ సంగతి ఆయనకు విడమరిచి చెప్పాను. "నీవన్నీ చాదస్తాలు" అన్నారు. నేను దులపడం మానలేదు, ఆయన చాదస్తం అనడం మానలేదు. ఇద్దరికీ అలవాటైపోయింది.

మా ఇంట్లో కింది అంతస్తు స్టూడియో. పై అంతస్తులో మేమిద్దరం, మా అత్తగారు. కింద రెండు గదులు, మధ్యలో రెండు పొరల అద్దం. ఒక గదిలో వాయించేవాళ్ళుంటారు, ఇంకో గదిలో మీటల బల్ల ముందు మావారుంటారు. రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను గనక నా చోటు ఆ రెండింటి మధ్య తలుపనుకోవచ్చు. కొత్తవాళ్ళకు ఆయన నన్ను ఒకే తీరుగా పరిచయం చేస్తారు. "మా ఆవిడ. వైర్లవీ చూసుకుంటుంది." ఏ డ్రమ్ముకు ఏ మైకో ఎంచడం, స్టాండ్లు నిలపడం, దూరాలు కొలవడం, విని సరిచేయడం, సరిచేసి మళ్ళీ వినడం, అన్నీ ఆ మాటలోనే సర్దుకోవాలి. మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత తర్వాత ఆయన ఆ మాట అంటున్నప్పుడు నేను ఏ వైరు ఎక్కడ పెట్టానో గుర్తు చేసుకుంటూ ఉండేదాన్ని.

పెళ్ళికి ముందు నేను హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఆయన సభలకూ ఫంక్షన్లకూ సౌండు పెట్టేవారు. స్టూడియో తెరిచేనాటికి మాకు పెళ్ళై నాలుగేళ్ళు. బయటివాళ్ళను పెట్టుకోవడం దేనికి, నువ్వున్నావు కదా అన్నారు. ఉద్యోగం మాన్పించారని అంటే అన్యాయమవుతుంది. "నీ ఇష్టం, నేను బలవంతపెట్టను" అని మూడు నెలలు రోజూ అన్నారు, నాలుగో నెలలో నేనే మానేశాను. కొత్త మైకుల డబ్బాల్లో సన్నటి అక్షరాల కాగితాలు వచ్చేవి. ఆయన వాటిని అట్టపెట్టెలతో పాటు పారేయబోతే తీసి దాచుకున్నాను. పొయ్యి మీద ఏదో ఒకటి ఉడికేలోగా ఒక్కో కాగితం చదివేదాన్ని. ఏ మైకు ఎటునుంచి వింటుంది, ఏది పెద్ద మోతకు తట్టుకుంటుంది, ఏది పక్కనున్నవాళ్ళ గొడవ పట్టించుకోకుండా తన ఎదుట ఉన్నదాన్నే వింటుంది, అన్నీ అందులో ఉండేవి. అర్థం కానివి కిందికెళ్ళి పెట్టి విని తెలుసుకున్నాను. ఇలా పదకొండేళ్ళు గడిచాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనిషంత ఎత్తు స్పీకర్ల పక్కన పదిహేనేళ్ళు నిలబడ్డందుకు మావారి చెవులకు సన్నటి చప్పుళ్ళు వినపడవు. వంటింట్లో టైమరు కూసినా, ఆయన చేతి గడియారం అలారం మోగినా, పక్కనే ఉండి తలెత్తరు. డ్రమ్స్‌లో సింబల్ అనే ఇత్తడి రేకు అంచు మీద మెరిసే చప్పుడు ఆయనకు అందడం మానేసి చాలా ఏళ్ళయింది. ఒకసారి డాక్టరుకు చూపిద్దామా అన్నాను. "నా చెవుల మీదే మనం బతుకుతున్నాం, తెలుసా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. మళ్ళీ ఎత్తలేదు. ఆయన మీద నిజంగానే జాలి వేసింది. చెవులతో బతికే మనిషికి చెవులు పోవడం చిన్న విషయం కాదు.

ఆ జాలితోనే ఒక అలవాటు మొదలైంది. డ్రమ్స్‌కు పైనుంచి రెండు మైకులు వేలాడదీస్తాం, కుడివైపొకటి, ఎడమవైపొకటి. ఒకేలాంటి జత ఉండాలి. వాయించేవాడి ఒళ్ళో ఉన్నట్టుండే చిన్న డ్రమ్ము, స్నేర్, దాని నడిబొడ్డు నుంచి ఆ రెండు మైకులూ ఒకే దూరంలో ఉండాలి. ఉంటే దెబ్బ రెండింటికీ ఒక్కసారే చేరుతుంది, చప్పుడు నిండుగా మధ్యలో నిలబడుతుంది. ఒకటి కాస్త దూరమైతే దానికి దెబ్బ ఆలస్యంగా అందుతుంది. రెండూ కలిపి వింటే ఒకదాన్నొకటి కొట్టేసుకుని స్నేర్ డొల్లగా, రేకు డబ్బా మీద కొట్టినట్టుంటుంది. అందుకే బట్టలు కుట్టేవాళ్ళ టేపుతో కొలిచి పెడతాను. నేను అన్నీ పెట్టి అయిపోయిందన్నాక మావారు లోపలికొస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని డ్రమ్స్ చుట్టూ ఒకసారి తిరిగి, తల వంచి ఏదో విన్నట్టు ఆగి, కుడివైపు పై మైకును పట్టుకుని జానెడు పక్కకు జరుపుతారు. "సింబల్‌కు ఊపిరాడాలి" అంటారు. వచ్చినవాళ్ళు ఆహా అన్నట్టు చూస్తారు. తర్వాత అందరూ టీ కప్పులు పట్టుకుని వరండాలోకి వెళ్ళినప్పుడు, నేను కప్పులు తీసే నెపంతో వెనకపడి, టేపు తీసి, ఆ మైకును మళ్ళీ దాని చోటికి తెస్తాను. వరండా వైపు ఒక చెవి పెట్టి, చెప్పులు విప్పి, ఒక నిమిషంలో ముగిస్తాను. ఆయనకు తెలిస్తే బాధపడతారని నా భయం. పదకొండేళ్ళలో ఒక్కసారీ దొరకలేదు.

ఆ రోజు ఆదివారం. పొద్దున్నే తొమ్మిదింటికి సంగీత కళాశాల ప్రిన్సిపాల్ మేడమ్ వస్తారని మావారు తెల్లవారుజామునే లేచి గడ్డం గీసుకున్నారు. కళాశాలలో కొత్తగా రికార్డింగు కోర్సు పెడుతున్నారు. దాన్ని నడపడానికి ఒక మనిషి కావాలి. దరఖాస్తుతో పాటు డ్రమ్స్ రికార్డు చేసే పద్ధతి రాసిమ్మన్నారు. ఆయన రాయమంటే నేనే రాశాను, ఇరవై రెండు పేజీలు, బొమ్మలతో సహా. "నేను స్నేర్ మైకును అంచుకు రెండు వేళ్ళ ఎత్తులో వాలుగా పెడతాను" అంటూ నా పని గురించి నేను మొదటిసారి కాగితం మీద రాసుకున్నది ఆ పేజీల్లోనే. రాస్తుంటే బాగుండింది. పైన ఆయన పేరుంది. ఆ ఉద్యోగం వస్తే ఏం చేయాలో కూడా ఆయన అప్పటికే నిర్ణయించేశారు. "నువ్వూ రోజూ నాతో రా. క్లాసుకు ముందు అన్నీ పెట్టేసి వెనక కూర్చుందువుగాని." వెనక కూర్చోవడానికి వాళ్ళు ఒప్పుకుంటారా అని అడిగితే, "నా భార్యవి, ఎవరేమంటారు?" అన్నారు. పిల్లలకు మళ్ళీ పాఠం చెప్పాలని నాకు ఎంతగా ఉందో ఆ మాట విన్నాకే తెలిసింది. బ్లాక్‌బోర్డు ముందు నిలబడి నేను చెప్పాలి. వెనక బెంచీలో కూర్చుని, నా పాఠం ఇంకొకరు తప్పుగా చెబుతుంటే వినడం నాకు వద్దు. ఇది ఎవరితోనూ అనలేదు.

వాయించడానికి సుత్తిని పిలిచాం. సుత్తి అన్నది డ్రమ్స్ కొట్టినందుకు వచ్చిన పేరు కాదు, ఎడతెగకుండా మాట్లాడుతున్నందుకు వచ్చిన పేరు. మావారిని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. నేను మైకులు పెడుతున్నంతసేపూ తన మోకాలి నొప్పి కథ చెప్పాడు. కిక్ డ్రమ్ము ముందు తోలుకు ఉన్న బెజ్జంలోంచి లావుపాటి మైకును చెయ్యంత లోపలికి పెట్టాను. స్నేర్ మైకుకు మాత్రం కొత్తదాన్ని ఎంచాను. అది తన వెనకున్న హై-హ్యాట్, అంటే ఒకదాని మీదొకటి కొట్టుకునే జంట రేకుల గొడవ అస్సలు వినదు. దాన్ని వాల్చి, వీపు అటువైపు తిప్పాను. టామ్స్ అనే మధ్యరకం డ్రమ్ముల మైకులను అతని కర్రలకు తగలకుండా అంచుల్లో ఇరికించాను. ఆఖరున పై మైకులు. టేపు ఒక కొస స్నేర్ మధ్యలో సుత్తిని పట్టుకోమన్నాను.

"కదల్చకు."

"కదల్చట్లేదు వదినా. బట్టలు కుడుతున్నావా నాకేమన్నా?"

"నీ నోటికి కుడతాను. పట్టుకో."

కుడి, ఎడమ సరిపోయాయి. విన్నాను. స్నేర్ గది మధ్యలో నిలబడినట్టుంది. ఆ క్షణం నాకు ప్రతిసారీ సంతోషంగా ఉంటుంది. అది వేరే ఎవరికీ తెలియాల్సిన పని లేదని కూడా అనిపిస్తుంది, ఒక్క క్షణం.

ప్రిన్సిపాల్ మేడమ్‌కు యాభై దాటి ఉంటాయి. ఏళ్ళ తరబడి పిల్లలకు పియానో నేర్పి ప్రిన్సిపాల్ అయిన మనిషి. నా ఇరవై రెండు పేజీలు ఆమె చేతిలో ఉన్నాయి. చాలాచోట్ల పెన్సిలు గీతలున్నాయి. "మా ఆవిడ, వైర్లవీ..." అన్నారు మావారు. ఆమె నా వైపు నవ్వి తన గొడుగు నా చేతికిచ్చారు. తడిగా ఏమీ లేదు. నేను తీసుకెళ్ళి మూలన పెట్టాను.

తర్వాత మావారు డ్రమ్స్ చుట్టూ తిరిగారు. తల వంచారు. కుడివైపు పై మైకును జానెడు కాదు, ప్రిన్సిపాల్ చూస్తున్నారు గనక మూరెడు జరిపారు. "సింబల్‌కు ఊపిరాడాలి మేడమ్." ఆమె పేజీ తిప్పి చూశారు. నేను టీ తెచ్చాను. కప్పులతో అందరూ వరండాలోకి నడిచారు. నేను జేబులో టేపు మీద చెయ్యి వేశాను. సరిగ్గా అప్పుడే పైనుంచి అత్తగారి పిలుపు.

"అమ్మాయ్, కంట్లో చుక్కల టైమైంది!"

ఆవిడకు కంటి ఆపరేషనై పది రోజులైంది. రెండు రకాల చుక్కలు. ఒకటి వేశాక ఐదు నిమిషాలు ఆగి రెండోది వేయాలి. కొడుకు వేయొచ్చు. మొదటిరోజు అడిగాను కూడా. "నావి మోటు చేతులు, అమ్మకు నువ్వైతేనే బాగుంటుంది" అన్నారు. పైకెళ్ళాను. మొదటి చుక్క వేసి గడియారం చూస్తూ కూర్చున్నాను.

"కాలుగాలిన పిల్లిలా ఏంటా తొందర? కిందేం కొంపలు మునిగాయి?" అన్నారు ఆవిడ కళ్ళు మూసుకునే.

"మైకు ఒకటి సర్దాలత్తయ్యా."

"వాడున్నాడుగా చూసుకోడానికి. నువ్వు వెళ్ళి చేసేదేముంది? పొద్దున్నించీ పాపం వాడొక్కడే తంటాలు పడుతున్నాడు. ఆ రెండోది వేసి, ఇంకో గుక్కెడు టీ కూడా ఇచ్చి వెళ్ళు. చిక్కగా."

ఆవిడ చెడ్డమనిషి కాదు. కొడుకు కష్టపడటం మాత్రమే ఆవిడకు కనబడుతుంది. అప్పుడు ఒక కంటికి గంత కూడా ఉంది. రెండో చుక్క వేసి, టీ ఇచ్చి, మెట్లు దిగేసరికి సుత్తి డ్రమ్స్ ముందు కూర్చుని ఉన్నాడు, తలుపు మూసి ఉంది, ఎర్రదీపం వెలుగుతోంది. రికార్డింగు మొదలైపోయింది. నేను మావారి వెనక గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. అంత మంచి స్నేర్, సుత్తి సొంత కొడుకులా చూసుకునే స్నేర్, డొల్లపోయి ఎడమ మూలకు జారి మూలుగుతోంది.

నాలుగు నిమిషాల పాట అయింది. సుత్తి ఇవతలికొచ్చి విన్నాడు. వింటున్నంతసేపూ మాట్లాడలేదు, అది చాలు పరిస్థితి చెప్పడానికి.

"అన్నా, ఇది నా స్నేర్ కాదు."

"మధ్యలో ఉండాల్సిన దెబ్బ పక్కకు పోయింది" అన్నారు ప్రిన్సిపాల్ మేడమ్. "లోపల ఏమీ లేనట్టుంది. ఎందుకని?"

మావారు మీటలేవో రెండు పైకీ కిందికీ ఆడించారు. ఆ తర్వాత కుర్చీ నా వైపు తిప్పి, గొంతు తగ్గించి, కూరలో ఉప్పు వేయలేదా అని అడిగినంత మామూలుగా అడిగారు.

"టీ టైములో సర్దలేదా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏది?"

"అదే, ఆ కుడిపక్క మైకు. రోజూ సర్దుతావు కదా."

ఆయనకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు. అడిగితే ఇంకా పాత ఏడాది ఏదో చెబుతారని భయం వేసింది. చెప్పులు విప్పి వట్టి కాళ్ళతో నేను వేసిన అడుగులు, వరండా వైపు పెట్టిన చెవి, అకస్మాత్తుగా వస్తే ఏం చెప్పాలో ముందే తయారుచేసుకున్న అబద్ధాలు, అవన్నీ నాకోసం నేను ఆడుకున్న నాటకం. ఆయన పరువు కాపాడుతున్నానని అనుకున్నాను. నిజం చెప్పాలంటే లోలోపల నన్ను నేను గొప్పదాన్నని కూడా అనుకున్నాను. ఆయనేమో వెనక నేనున్నానన్న ధీమాతో మైకును ఇష్టం వచ్చినట్టు జరుపుతూ వచ్చారు. ఎటు జరిపినా ఒకటే, ఎంత జరిపినా ఒకటే, ఎలాగూ అది సరైనచోటికి వస్తుంది. ఎలా వస్తుందో, ఎవరు తెస్తారో ఆయన ఎన్నడూ పైకి అనలేదు, అనాల్సిన అవసరమూ ఆయనకు పడలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి "నువ్వు సర్దుతావు, నాకు తెలుసు" అని ఉంటే ఆ మాట మీద నేను ఇంకో పదకొండేళ్ళు బతికేదాన్ని. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. కోపం ఆ తర్వాత వచ్చింది. పెద్దగా కాదు, ఒళ్ళు చల్లబడినట్టు వచ్చింది.

"చిన్న విషయమే మేడమ్" అంటున్నారు మావారు పైకి. "ఇదిగో, నువ్వెళ్ళి ఆ మైకు కాస్త జరిపి రా."

"ఎటు జరపాలి? ఎంత?" మేడమ్ పెన్సిలు తీశారు. నన్ను కాదు, ఆయన్నే అడిగారు.

"అది చెవికి తెలుస్తుంది మేడమ్. చెబితే వచ్చేది కాదు."

"మరి పిల్లలకు ఏం చెబుతారు?"

మావారు నవ్వి నా వైపు చూశారు. అందరి ముందూ ఏదైనా అడిగినప్పుడు ఆయన అలాగే చూస్తారు, నేను నీళ్ళ గ్లాసు ఇచ్చినట్టు జవాబు అందిస్తాను. నాకు ఆ జవాబు తెలుసు. మేడమ్ చేతిలో తొమ్మిదో పేజీలో ఉంది. ఇప్పుడు నేను వెళ్ళి మైకు జరిపి వస్తే ఉద్యోగం ఆయనది. రేపటినుంచి వెనక బెంచీ నాది. జేబులోంచి టేపు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"మీరు సర్దండి."

ఆయన ఒక్క క్షణం తటపటాయించి, ఇదేం బ్రహ్మవిద్యా అన్నట్టు భుజాలెగరేసి, లోపలికి వెళ్ళారు. అద్దంలోంచి ముగ్గురం చూశాం. ఆయన టేపును మైకు నుంచి సింబల్‌కు పట్టారు. తర్వాత మైకు నుంచి నేలకు. తర్వాత రెండు మైకుల మధ్య. ఎక్కడినుంచి కొలవాలో ఆయనకు తెలియదు. నేను కొలుస్తుంటే ఒక్కసారైనా చూసి ఉంటే తెలిసేది. టేపు రెండు చేతులా పట్టుకుని అద్దం వైపు తిరిగి కనుబొమలు ఎగరేశారు, చెప్పవేమన్నట్టు.

లోపలి గదికి మాట వెళ్ళే మీట ఒకటుంది. దాన్ని నొక్కాను.

"వదిలేయండి. అది మీకు తెలియదు. నేను వచ్చి పెడతాను."

భోజనానికి పిలిచేటప్పుడు కూడా నా గొంతు అలాగే ఉంటుంది. నేను ప్రిన్సిపాల్ మేడమ్ వైపు తిరిగాను.

"ఆ కాగితాలు రాసింది నేను మేడమ్. అందులో నేను అని ఉన్నచోటల్లా నేనే. పైన పేరొక్కటే ఆయనది."

ఆమె నన్ను చూశారు, కాగితాలు చూశారు. తొమ్మిదో పేజీ తీశారు. "స్నేర్ నుంచి రెండింటికీ సమదూరం" అని పైకి చదివి, "రెండూ స్నేర్‌కు దగ్గరగా ఉంటే ఈ గొడవే ఉండదు కదా?" అన్నారు. అది పరీక్ష అని నాకు తెలిసింది. సైన్సు టీచర్లకు తెలుస్తుంది.

"దూరం సమంగా ఉంటే చాలు మేడమ్. దగ్గరా, దూరమా అన్నది గదిని బట్టి. రండి, చూపిస్తాను."

తలుపు దగ్గర మావారు ఎదురొచ్చారు. ముఖం ఎర్రబడి ఉంది. "ఇంటికెళ్ళాక మాట్లాడదాం" అన్నారు పళ్ళ మధ్యనుంచి. ఇల్లు మా నెత్తిమీదే ఉంది. "అలాగే" అన్నాను. టేపు తీసుకున్నాను. ఒక కొస మేడమ్‌ను స్నేర్ మధ్యలో పట్టుకోమన్నాను. ఆమె పెన్సిలు చెవి మీద పెట్టుకుని, వంగి పట్టుకున్నారు. కుడివైపు మైకును పట్టపగలు, చెప్పులతో, అందరూ చూస్తుండగా దాని చోటికి తెచ్చాను.

తిరిగొచ్చేసరికి మావారు గోడ దగ్గర, ఇందాక నేను నిలబడిన చోట నిలబడి ఉన్నారు. బల్ల ముందు కుర్చీ ఖాళీగా ఉంది. అద్దం అవతల సుత్తి మళ్ళీ డ్రమ్స్ ముందు కూర్చుని కర్రలు ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు.

"వదినా, మొదలెట్టనా?"

"ఆగు" అన్నాను, కూర్చుంటూ. కుర్చీ ఆయన ఎత్తుకు ఉంది. నా కాళ్ళు గాల్లో వేలాడాయి. సీటు కింద ఎక్కడో ఎత్తు మార్చే మీట ఉంటుందని తెలుసు, ఎన్నడూ తాకలేదు. తడిమి పట్టుకుని, రెండు పాదాలూ నేలకు ఆనేదాకా దించుకున్నాను.

"ఊఁ, ఇప్పుడు కానీ."